కోపిపాడ్ తల్లులు గుడ్లు బాగానే పెడుతున్నాయి, పిల్లలే రావడం లేదు: మేత లోపమేనా?

ఉప్పునీళ్లు_గుంటూరు (మంగళవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఆక్వాకల్చర్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. సూర్యలంకలో ప్లాంక్టన్ వల వేసి పట్టిన అకార్షియా అనే కోపిపాడ్లని (రొయ్యల వర్గానికి చెందిన, చుక్కంత ఉండే నీటి జీవులు) ఆరు వారాలుగా ల్యాబ్‌లో పెంచుతున్నాను. పండుగొప్ప పిల్లలకి మొదటి మేతగా వీటి నాప్లీలు, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్లలు, తయారుచేయాలన్నది నా పని. సముద్రపు నీళ్లు కూడా అక్కడి నుంచే, 20 లీటర్ల టిన్నుల్లో పట్టుకుని ట్రాలీ ఆటోలో తెచ్చుకుంటాను, వడకట్టి వాడతాను.

సమస్య ఇది. ఆడవి రోజూ గుడ్లు పెడుతున్నాయి, ఒక్కోదానికి ఇరవై, పాతిక దాకా వస్తున్నాయి, ఆ లెక్కలో ఏ తేడా లేదు. కానీ మొదటి వారంలో వంద గుడ్లకి ఎనభై పైన పిల్లలయ్యేవి, తర్వాత మెల్లగా దిగి ఇప్పుడు ముప్పై దాటడం లేదు. వచ్చిన పిల్లల్లో కూడా కొన్ని అడుగున పడి గిలగిలా కొట్టుకుంటున్నాయి, కాళ్లు సరిగ్గా లేనట్టున్నాయి. సెలినిటీ 30 పీపీటీ, గది 27 డిగ్రీలు, ఈ రెండూ మొదటి నుంచీ మారలేదు. మేత స్కెలిటోనిమా అనే ఆల్గే ఒక్కటే, తెలిసిన హ్యాచరీ వాళ్లు వారానికోసారి క్యాన్‌లో పోసి ఇస్తున్నారు.

నెలాఖరుకి సెమినార్ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. నీళ్ల సమస్యా, గుడ్ల సమస్యా, తల్లి సమస్యా ఎలా తెలుసుకోవాలి?

నిజాంపట్నం_టెక్నీషియన్ (మంగళవారం, రాత్రి 10:15)

చెల్లెమ్మా, నేను రొయ్యల హ్యాచరీలో పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను, కోపిపాడ్లు పెంచలేదు గానీ బ్రూడర్ల (గుడ్లు పెట్టే తల్లి రొయ్యల) సంగతి బాగా తెలుసు. ఆడ రొయ్యకి బ్లడ్‌వార్మ్స్, స్క్విడ్ తగ్గించి ఒట్టి పెల్లెట్ వేస్తే గుడ్లు పెట్టడం వెంటనే ఆగదు, పెడుతూనే ఉంటుంది, కానీ నాప్లీ నాణ్యత పడిపోతుంది, లైటు పెడితే పైకి రావు. అందుకే మా దగ్గర ఖర్చులో ఎక్కడ కోత పెట్టినా బ్రూడర్ మేతలో పెట్టరు. నువ్వు చెప్పేది వింటుంటే అచ్చం అదే అనిపిస్తోంది. ఒకటే మేత, అదీ వారం నిలవ. నా అనుమానం దాని మీదే.

ఆ క్యాన్ తెచ్చాక ఎక్కడ పెడుతున్నావు? లైటు ఉందా? గాలి పెడుతున్నావా?

ఉప్పునీళ్లు_గుంటూరు (మంగళవారం, రాత్రి 10:31)

గాలి పెడుతున్నాను అన్నా, లైటు కూడా ఉంది. కానీ నాలుగో రోజుకి రంగు మారుతోంది, ముదురు గోధుమ నుంచి పసుపులోకి. మిగతా మూడు రోజులూ అదే వేస్తున్నాను, వేరే దారి లేక.

బెజవాడ_జువాలజీ (బుధవారం, ఉదయం 6:20)

అమ్మాయ్, నేను విజయవాడలో కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చూసి రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే సముద్ర శాస్త్రంలో ఈ విషయం మీద చాలా ఏళ్లు గట్టి వాదన నడిచింది. నువ్వు తెలియకుండానే ఆ వాదన మధ్యలోకి వచ్చావు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మా తరం చదువుకున్న పాఠం సూటిగా ఉండేది. డయాటమ్ అనే ఏకకణ ఆల్గేని కోపిపాడ్ తింటుంది, కోపిపాడ్‌ని చేప తింటుంది, డయాటమ్‌లు ఎంత ఉంటే చేపలు అంత. ఇటలీలో నేపుల్స్ నగరంలోని జంతుశాస్త్ర కేంద్రం వాళ్లు 1999లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వేసి దీన్ని కదిలించారు. ఉత్తర ఏడ్రియాటిక్ సముద్రంలో డయాటమ్‌లు విరగబడి పెరిగిన రోజుల్లో కోపిపాడ్లు గుడ్లు పెడుతున్నాయి గానీ వాటిలో చాలా భాగం పిల్లలు కావడం లేదని చూపించారు. కారణం ఆల్డిహైడ్లు అన్నారు, అందులో డెకాడయీనల్ అనేది ముఖ్యమైనది. ఇక్కడ అందమైన సంగతి ఏమిటంటే, బతికున్న డయాటమ్ కణంలో ఈ ఆల్డిహైడ్ దాదాపు ఉండదు. కోపిపాడ్ నోట్లో కణం చితికినప్పుడు, కణపు పొరలోని కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఎంజైములు వాటి మీద పనిచేసి, క్షణాల్లో, నిమిషాల్లో అది తయారవుతుంది. తిన్న తల్లికి వెంటనే ఏమీ కాదు. దెబ్బ గుడ్డుకి తగులుతుంది, లోపలి పిండంలో కణాలు విడిపోవడం మధ్యలో ఆగిపోతుంది.

2004లో అదే కేంద్రానికి చెందిన అడ్రియానా ఇయానోరా బృందం ఇంకో మెట్టు ఎక్కింది. గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చినా కథ అయిపోలేదు, తల్లి తిన్నదాని వల్ల ఆ నాప్లీలు వంకరగా పుట్టి పెద్దవి కాకుండానే పోతున్నాయని చూపించారు. అందులో వాడిన డయాటమ్ ఏమిటో తెలుసా, నీ క్యాన్‌లో ఉన్న స్కెలిటోనిమాయే. కాళ్లు సరిగ్గా లేవని నువ్వు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

కృష్ణలంక_కుర్రాడు (బుధవారం, ఉదయం 8:05)

మాస్టారు, గౌరవంతోనే అడ్డు చెబుతున్నాను. 2002లో అదే నేచర్‌లో దానికి ఎదురు వ్యాసం కూడా వచ్చింది కదా. ప్రపంచంలో 12 ప్రాంతాల లెక్కలు తీసి చూస్తే, డయాటమ్‌లు ఎక్కువున్న చోట హ్యాచింగ్ (గుడ్లు పిల్లలవడం) తగ్గుతుందన్న సంబంధమే కనపడలేదన్నారు. డయాటమ్‌లు అంత విషమైతే పెరూ తీరంలో అన్ని చేపలు ఎలా ఉంటాయి? మన బంగాళాఖాతంలో వానల తర్వాత నదులు సిలికా మోసుకొస్తే తీరం వెంబడి డయాటమ్‌లే కదా, కోపిపాడ్లు లేకుండా పోయాయా? ల్యాబ్‌లో ఒకటే ఆల్గే పెట్టి చూసిన ఫలితాన్ని సముద్రానికి అంటగట్టకూడదు.

ఇంకో మాట. డయాటమ్‌లు చిక్కగా ఉన్న గిన్నెలో గుడ్లు అలాగే వదిలేస్తే రాత్రికి ఆక్సిజన్ పడిపోతుంది. ఆక్సిజన్ అందని గుడ్డు పిల్ల కాదు. దాన్ని విషం అనుకునే ప్రమాదం ఉంది. అక్కా, మీరు గుడ్లని మేత నీళ్లలోనే ఉంచి లెక్కపెడుతున్నారా, వేరే చేస్తున్నారా?

ఉప్పునీళ్లు_గుంటూరు (బుధవారం, ఉదయం 8:40)

అయ్యో. అదే నీళ్లలోనే. చిన్న సీసాల్లో మూత పెట్టి.

బెజవాడ_జువాలజీ (బుధవారం, ఉదయం 9:10)

కృష్ణలంక అబ్బాయి చెప్పింది నిజం, నేను తొందరపడ్డాను. సముద్రంలో తల్లి ఒకటే మేత మీద బతకదు, డయాటమ్‌తో పాటు డైనోఫ్లాజెల్లేట్లూ సీలియేట్లూ లాంటి వేరే ఏకకణ జీవుల్ని కూడా తింటుంది, అందుకే అక్కడ దెబ్బ పలచబడుతుంది. పైగా అన్ని డయాటమ్‌లూ ఆల్డిహైడ్లు చేయవు, ఒకే జాతిలో కూడా ఒక స్ట్రెయిన్ (ఉపరకం) చేస్తుంది, ఇంకొకటి చేయదు. కానీ ఈ అమ్మాయి సీసా సముద్రం కాదు. నెల పైగా ఒకే ఆల్గే, అదీ వయసైపోయిన కల్చర్. స్కెలిటోనిమాకి నత్రజని, ఫాస్ఫేటు అయిపోయి ముసలితనం వచ్చినప్పుడు ఆల్డిహైడ్ తయారుచేసే శక్తి పెరుగుతుందని కూడా తేలింది. పసుపు రంగుకి తిరిగిన మేత అంటే నాకు భయమే.

తెనాలి_ఆల్గే (బుధవారం, మధ్యాహ్నం 1:25)

నేను ఆల్గే కల్చర్ చేసే మనిషిని, తెనాలి నుంచి. విషం గొడవ ఒక పక్కన పెట్టి పోషకాల సంగతి చూడండి, ఎవరూ మాట్లాడటం లేదు.

ఈపీఏ, డీహెచ్ఏ అనేవి రెండు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు. డయాటమ్‌లలో ఈపీఏ బాగా ఉంటుంది, డీహెచ్ఏ చాలా తక్కువ. పిండానికి రెండూ కావాలి, ముఖ్యంగా డీహెచ్ఏ, కణాల పొరలకీ నరాలకీ అదే సరుకు. అకార్షియా లాంటి కోపిపాడ్లు దాన్ని సొంతంగా చాలినంత తయారుచేసుకోలేవు, తిండిలోంచే రావాలి. స్టెరాల్ కూడా అంతే, క్రస్టేషియన్లు (రొయ్యలు, పీతలు, కోపిపాడ్లు) కొలెస్ట్రాల్ సొంతంగా తయారుచేయలేవు. ఐసోక్రైసిస్ అనే ఆల్గేలో డీహెచ్ఏ ఉంది, ఈపీఏ తక్కువ. టెట్రాసెల్మిస్‌లో ఈపీఏ కొంత ఉంది, డీహెచ్ఏ దాదాపు లేదు. రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. డునాలియెల్లాలో రెండూ లేవు, పచ్చగా నిగనిగలాడుతుంది, చూసి మోసపోవద్దు.

విదేశాల్లో అకార్షియాకి రోడోమోనాస్ అనే ఆల్గే పెడతారు, రెండూ ఉంటాయి, సైజు కూడా దాని నోటికి సరిపోతుంది. కానీ మన ఎండలకి అది నిలవదు, చల్లదనం కావాలి, ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్లాస్కు మొత్తం తెల్లబడిపోతుంది. నేను రెండుసార్లు పెంచి రెండుసార్లూ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. తాహితీ నుంచి వచ్చిన ఐసోక్రైసిస్ స్ట్రెయిన్ వేడికి తట్టుకుంటుంది, గుంటూరులో అదే దిక్కు.

జంక్షన్_కోళ్లు (బుధవారం, రాత్రి 8:50)

నాకు సముద్రం తెలియదు, హనుమాన్ జంక్షన్ దగ్గర బ్రీడర్ కోళ్ల షెడ్డు ఉంది. చదువుతుంటే చెప్పకుండా ఉండలేకపోయాను. మాకు ఇది రోజూ ఉండే సంగతి. పెట్టకి రైబోఫ్లేవిన్ తక్కువైతే గుడ్ల కౌంటు అంతగా పడదు, ట్రేలు నిండుతూనే ఉంటాయి, ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాక తెలుస్తుంది, పిల్ల లోపలే చచ్చిపోతుంది, లేదా ఈకలు ముడుచుకుపోయి పుడుతుంది. గుడ్డు సంఖ్య చూసి మేత బాగుందనుకోవడం మా నాన్నగారు చేసిన పొరపాటే, ఒక ఏడాది దానికి భారీగా నష్టపోయాం.

ఒక ప్రశ్న. మేము పిల్ల కాని గుడ్డుని పగలగొట్టి చూస్తాం, అసలు పుంజు పొత్తు పడలేదా, పడ్డాక పిండం చచ్చిందా అని. మీకు అలా చూడటం కుదురుతుందా? మగవి ఎన్ని ఉన్నాయి?

ఉప్పునీళ్లు_గుంటూరు (బుధవారం, రాత్రి 9:30)

ఈ ప్రశ్న నాకు తట్టనే లేదండీ. ఇప్పుడే వెళ్లి చూశాను. ఒక బీకరులో ఆడవి ఇరవై రెండు ఉంటే మగవి మూడే మిగిలాయి. మగవి త్వరగా చచ్చిపోతున్నాయి.

బెజవాడ_జువాలజీ (బుధవారం, రాత్రి 9:55)

కోళ్ల రైతుగారూ, మీకు నమస్కారం. అకార్షియా ఆడది ఒకసారి జతకట్టి జీవితమంతా ఆ వీర్యంతో గడుపుకోలేదు, మళ్లీ మళ్లీ జతకట్టాలి. మగవి లేకపోయినా గుడ్లు పెడుతూనే ఉంటుంది, ఆ గుడ్లు పిల్లలు కావు. కాబట్టి అమ్మాయ్, నీ ముప్పై శాతం వెనక మూడు కారణాలు ఉండొచ్చు, మేత, ఆక్సిజన్, మగవి చాలకపోవడం. మూడూ ఒకేసారి కూడా ఉండొచ్చు. మైక్రోస్కోప్ కింద కొత్త గుడ్లు తీసి రెండు మూడు గంటలు గమనించు. కణాలు రెండు, నాలుగు, ఎనిమిదిగా సమానంగా విడిపోతుంటే పొత్తు పడినట్టే. అసలు విడిపోకపోతే మగవాటి సంగతి చూడాలి. విడిపోవడం మొదలై వంకరటింకరగా ఆగిపోతే తల్లి మేత మీద అనుమానం బలపడుతుంది.

ఇంకో జాగ్రత్త. 48 గంటలకి పగలని గుడ్డు చచ్చిందని రాసేయకు. అకార్షియా జాతుల్లో ఆలస్యంగా పగిలే గుడ్లూ, నిద్రలో ఉండే గుడ్లూ ఉంటాయి. ఇంకో రెండు రోజులు ఉంచి చూడు. మంచినీటి కోపిపాడ్ల గుడ్లు చెరువు అడుగు మట్టిలో 300 ఏళ్లకు పైగా ప్రాణంతో ఉండటం అమెరికాలో కనుక్కున్నారు, 1995లో అచ్చయింది. నేను క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా తలెత్తి చూసేవి.

మన ఊళ్లలో పాతవాళ్లకి కోపిపాడ్ అంటే తెలిసింది ఒక్కటే, దిగుడు బావుల్లో ఉండే సైక్లాప్స్, నారికురుపు తెచ్చే పురుగు. నీళ్లు గుడ్డతో వడకట్టి తాగమని ఊరూరా చెప్పి, 2000 నాటికి మన దేశంలో ఆ జబ్బు లేకుండా చేశారు. అదే వర్గపు జీవికి మేత ఎలా పెట్టాలా అని మనం ఇప్పుడు మాట్లాడుకోవడం నాకు ఎంతో ఆనందంగా ఉంది.

నిజాంపట్నం_టెక్నీషియన్ (గురువారం, ఉదయం 5:50)

చెల్లెమ్మా, పని పద్ధతి చెబుతున్నాను, నచ్చితే చెయ్యి. పాత బీకర్లలోవి కలపొద్దు. సూర్యలంక వెళ్లి కొత్తవి పట్టుకురా, రెండు రోజులు అన్నిటికీ ఒకే మంచి మేత పెట్టి కుదుటపడనివ్వు. తర్వాత మూడు గుంపులు చెయ్యి. ఒకదానికి స్కెలిటోనిమా, ఇంకోదానికి ఐసోక్రైసిస్ టెట్రాసెల్మిస్ కలిపినది, మూడోదానికి సగం అది సగం ఇది. ప్రతి గుంపులో మగవి ఆడవాటిలో సగమైనా ఉండాలి, చచ్చిన మగదాన్ని తీసి కొత్తది వెయ్యి. గొట్టానికి అడుగున 150 మైక్రాన్ల మెష్ అంటించి ఆడవాటిని అందులో ఉంచితే గుడ్లు కిందికి జారిపోతాయి, లేకపోతే తల్లులే తినేస్తాయి. రోజూ ఒకే టైముకి తియ్యి.

తెనాలి_ఆల్గే (గురువారం, ఉదయం 7:15)

దానికి ఒకటి కలుపుతాను. మూడు గుంపులకీ కణాల సంఖ్య సమానంగా పెడితే తప్పు. ఐసోక్రైసిస్ కణం ఐదు మైక్రాన్లే, టెట్రాసెల్మిస్ దానికి రెండింతల పైన, స్కెలిటోనిమా గొలుసుకట్టుగా ఉంటుంది. సంఖ్య సమానమైతే ఐసోక్రైసిస్ గుంపు పస్తు పడుకుంటుంది, అప్పుడు మీరు చూసేది ఆకలి ఫలితం, మేత నాణ్యత ఫలితం కాదు. కార్బన్ లెక్కన సమానం చేయండి, కణం ఘనపరిమాణం నుంచి లెక్క కట్టొచ్చు. ఇంకా, మూడు ఆల్గేలూ ఎదుగుతున్న దశలోనే తీయండి, మూడు నాలుగు రోజుల వయసువి. క్యాన్‌లో వారం నిలవున్నది వద్దు.

కల్చర్ నా దగ్గర ఉంది, ఫ్లాస్కు ఇస్తాను, డబ్బులొద్దు. బయట కొనేటప్పుడు జాగ్రత్త. ఒక చోట స్వచ్ఛమైన ఐసోక్రైసిస్ అని ఇచ్చారు, మైక్రోస్కోప్ కింద పెడితే సగం వేరే పచ్చ కణాలు, సీలియేట్లు కూడా తిరుగుతున్నాయి. రెండు నెలల పని పోయింది.

కృష్ణలంక_కుర్రాడు (గురువారం, ఉదయం 9:00)

సీలియేట్లు తిరుగుతుంటే అకార్షియాకి అది విందే అక్కా. కదిలే మేతని పొంచి పట్టుకునే అలవాటు దానికుంది. ఇంకో సంగతి, నాసిరకం ఆల్గేని ముందు ఏకకణ జీవి తిని, ఆ ఏకకణ జీవిని కోపిపాడ్ తింటే మధ్యలో కొవ్వు ఆమ్లాలూ స్టెరాల్స్ మెరుగుపడతాయని 1999లో చూపించారు. డునాలియెల్లా నేరుగా పెడితే ఎదగని కోపిపాడ్ పిల్లలు, దాన్ని తిన్న ఆక్సిర్రిస్ అనే ఏకకణ జీవిని పెడితే ఎదిగాయి. కాకపోతే ప్రయోగంలో తెలియకుండా సీలియేట్లు దూరితే ఏ గుంపు ఏం తిన్నదో చెప్పలేం, ఆ మాట నిజం.

గుడ్లు మాత్రం మేత లేని, వడకట్టిన శుభ్రమైన సముద్రపు నీళ్లలో, మూత లేని గిన్నెల్లో పెట్టండి. మేత తల్లికే, గుడ్డుకి కాదు. అప్పుడు వచ్చిన తేడా తల్లి కడుపులోంచి వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు, నేను కూడా ఒప్పుకుంటాను.

జంక్షన్_కోళ్లు (గురువారం, రాత్రి 9:20)

ఎన్ని రోజులకి తేడా తెలుస్తుందండీ? మా కోళ్లకి మేత మారిస్తే గుడ్డులో కనపడటానికి రెండు వారాలు పడుతుంది.

బెజవాడ_జువాలజీ (గురువారం, రాత్రి 10:05)

అకార్షియా ఒంట్లో కొవ్వు నిలవ పెట్టుకోదు. ఇవాళ తిన్నది ఒకటి రెండు రోజుల్లోనే గుడ్డులోకి వెళ్లిపోతుంది, రోజుకూలీ ఇల్లు లాంటిది. చలి సముద్రాల్లో ఉండే క్యాలనస్ అలా కాదు, ఒంట్లో పెద్ద నూనె సంచి పెట్టుకుని పాత నిలవతో కూడా గుడ్లు పెట్టగలదు. కాబట్టి అకార్షియాలో గుడ్ల సంఖ్య త్వరగా మారుతుంది. హ్యాచింగ్ పడిపోవడానికి మాత్రం ఇంకొన్ని రోజులు పడుతుంది, దెబ్బ పేరుకుంటూ వస్తుంది. మంచి మేతకి మారిస్తే కోలుకుంటుంది కూడా. అందుకే ఒక్కరోజు చూసి తేల్చకూడదు, కనీసం పది రోజులు చూడాలి. చివర్లో స్కెలిటోనిమా గుంపుని మంచి మేతకి మార్చి మళ్లీ లేస్తుందో లేదో చూడటం మరిచిపోకు, నా దృష్టిలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం అదే.

ఉప్పునీళ్లు_గుంటూరు (పదహారు రోజుల తర్వాత, శనివారం, రాత్రి 11:10)

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. పని మీదే ఉన్నాను, ఒక్క రాత్రి కూడా పదకొండుకి ముందు ఇంటికి రాలేదు. మీ అందరికీ చెప్పకుండా సెమినార్‌లో చెప్పడం న్యాయం కాదనిపించి ఇప్పుడు రాస్తున్నాను. ఇవి ఒక్క ప్రయోగపు లెక్కలు, గుంపుకి నాలుగు గొట్టాలు మాత్రమే పెట్టగలిగాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

మొదటి మూడు రోజులు మూడు గుంపులకీ తేడా లేదు, అన్నిట్లోనూ నూటికి ఎనభై పైనే. నేను కంగారుపడ్డాను, అంతా ఆక్సిజన్ వల్లే, మగవి లేకపోవడం వల్లే జరిగింది కాబోలు, మేతకి సంబంధమే లేదేమో అనుకున్నాను. ఐదో రోజు నుంచి స్కెలిటోనిమా గుంపు దిగడం మొదలైంది. పదో రోజుకి యాభైకి అటూ ఇటూ. ఐసోక్రైసిస్, టెట్రాసెల్మిస్ గుంపు ఎనభై దగ్గరే నిలబడింది. సగం సగం పెట్టినది డెబ్బై పైన ఉంది, అంటే మంచి మేత తోడుంటే స్కెలిటోనిమా అంతగా దెబ్బ కొట్టలేదు. కృష్ణలంక తమ్ముడు సముద్రం గురించి చెప్పింది ఈ గుంపులోనే కనపడింది. గుడ్ల సంఖ్య మాత్రం స్కెలిటోనిమా గుంపులోనే అన్నిటికంటే కొంచెం ఎక్కువ! గుడ్లు మాత్రమే లెక్కపెట్టి ఉంటే అదే గొప్ప మేత అని రాసేదాన్ని.

మాస్టారు చెప్పినట్టు గుడ్లని మైక్రోస్కోప్ కింద చూశాను. స్కెలిటోనిమా గుంపులో చాలావాటిలో కణాలు విడిపోవడం మొదలై, తర్వాత ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా, గుండ్రంగా కాకుండా ఆగిపోయాయి. పొత్తు పడింది, కానీ పిండం సాగలేదు. పాత బీకర్ల గుడ్లు కూడా కొన్ని చూశాను, వాటిలో సగం అసలు విడిపోనే లేదు. కాబట్టి నా పాత ముప్పై శాతంలో కొంత పాపం మగవి లేకపోవడానిది, కొంత మూసిన సీసాది, మిగతాది మేతది. అన్నీ ఒకే మేత మీద తోసేసి ఉంటే తప్పయ్యేది. కోళ్ల రైతుగారి ప్రశ్న లేకపోతే నేను ఆ తప్పే చేసేదాన్ని.

పదకొండో రోజు స్కెలిటోనిమా గుంపుని మంచి మేతకి మార్చాను. నాలుగో రోజుకి డెబ్బై దాటింది.

బెజవాడ_జువాలజీ (ఆదివారం, ఉదయం 5:30)

అమ్మాయ్, రెండుసార్లు చదివాను. నాలుగు రోజుల్లో లేచిందన్న వాక్యాన్ని సెమినార్‌లో మొదటి స్లయిడ్ మీద పెట్టు. మేత మారిస్తే పడింది, మళ్లీ మారిస్తే లేచింది, తల్లులు అవే, నీళ్లు అవే, గది అదే. ఇది విషం వల్లా, డీహెచ్ఏ లోటు వల్లా అన్నది మాత్రం ఈ ప్రయోగం చెప్పదు, అది చెప్పినట్టు రాయకు. స్కెలిటోనిమా మేతకి డీహెచ్ఏ కలిపి పెట్టినా హ్యాచింగ్ లేవకపోతే అప్పుడు ఆల్డిహైడ్ వైపు వేలు చూపొచ్చు.

తెనాలి_ఆల్గే (ఆదివారం, ఉదయం 8:45)

ఆల్డిహైడ్ చేయని డయాటమ్ స్ట్రెయిన్ ఇంకోటి పక్కన పెట్టి చూసినా ఆ రెండూ విడిపోతాయి. డయాటమ్ పోషకాలు అవే, విషం మాత్రం ఉండదు. అలాంటి కల్చర్ కోసం అడుగుతాను, దొరికితే చెబుతాను.

నిజాంపట్నం_టెక్నీషియన్ (ఆదివారం, ఉదయం 10:20)

శభాష్ చెల్లెమ్మా. పుట్టిన నాప్లీల సంగతి చెప్పలేదు. హ్యాచరీ వాడికి కావలసింది అదే, పుట్టడం కాదు, మేత పట్టే దాకా బతకడం. అకార్షియా మొదటి దశలో మేత ముట్టదు కదా, తల్లి గుడ్డులో పెట్టి ఇచ్చినదాంతోనే గడవాలి. స్కెలిటోనిమా తల్లుల పిల్లలకి మంచి మేత వేస్తే కోలుకున్నాయా?

ఉప్పునీళ్లు_గుంటూరు (ఆదివారం, మధ్యాహ్నం 12:05)

అన్నా, సరిగ్గా అదే ఇప్పుడు మొదలుపెట్టాను. రెండు గుంపుల తల్లుల పిల్లలకీ ఒకే ఐసోక్రైసిస్ మేత పెట్టి చూస్తున్నాను, మూడు రోజులైంది. స్కెలిటోనిమా తల్లుల పిల్లలు వెనకబడ్డాయి, చాలా వరకు రెండో దశ దాటలేదు, అడుగున చచ్చినవి కూడా ఎక్కువే. ఇంకో వారం చూస్తేగానీ లెక్క చెప్పలేను. నీళ్లు అయిపోతున్నాయి. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకి ఆటో మాట్లాడాను, ఆరు టిన్నులు తెచ్చుకోవాలి. వల కూడా తీసుకెళ్తున్నాను, మగవి ఇంకా కావాలి.

కృష్ణలంక_కుర్రాడు (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

అక్కా, నేను రాత్రి బస్సుకి గుంటూరు వచ్చేస్తాను, టిన్నులు మోయడానికి ఇంకో మనిషి ఉంటే మంచిది. ఎక్కడ దిగమంటారు?

ఉప్పునీళ్లు_గుంటూరు (ఆదివారం, మధ్యాహ్నం 12:24)

బస్టాండ్‌లోనే దిగు తమ్ముడూ, మా అన్నయ్య వస్తాడు, రాత్రికి మా ఇంట్లోనే పడుకోవచ్చు. బూట్లు వద్దు, చెప్పులు వేసుకురా, నడుము లోతు దాకా దిగాలి.